కాయ కాసిన కాలు

మా అత్తగారింట్లో పూలు కాలితో కట్టేవాళ్ళు. వినడానికి తప్పుగా ఉంటుంది గానీ పువ్వుకు కాలు తగలదు. దారం కొసను కుడికాలి బొటనవేలికి చుట్టి, ఆ కాలు ముందుకు చాపుకుని కూర్చుంటారు. దారాన్ని చేతుల్లోకి లాగి పట్టుకుంటే వేలికీ చేతికీ మధ్య గాలిలో సన్నటి తీగ ఒకటి బిగుసుకుని నిలబడుతుంది. దాని మీదికి మల్లెలు జంటలు జంటలుగా వచ్చి కూర్చుంటాయి. ముడి పడుతుంది. దండ కొంచెం కొంచెంగా ఒడిలోకి దిగుతుంది. మా పుట్టింట్లో పూలంటే సూదీ దారమే. కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంటిల్లిపాదీ గోడవారగా కాళ్ళు చాపుకుని, తమ కాళ్ళను తామే తంబూరాల్లాగా మీటుతున్నట్టు కూర్చోవడం చూసి నాకు నవ్వాగలేదు.

ఇల్లు బహదూర్‌పురాలో, జూపార్కు గోడకు దగ్గరి సందులో. తెల్లవారుతుండగా మా ఆయన సైకిల్ మీద పూల మూటలు తెచ్చేవాడు. తడి గోనెపట్టా విప్పగానే గదంతా చల్లబడేది. అదే వేళకు గోడ అవతల సింహం గుర్రుమనేది. ఆ చప్పుడు చెవిలోకి కాదు, నేలలోంచి చాపలోకి, చాపలోంచి వీపులోకి వచ్చేది. నిద్రా కాని, మెలకువా కాని ఆ పొద్దుల్లో నేను చాలా ఏళ్ళు పూలు కట్టాను. ఇప్పుడు వెనక్కి చూస్తే ఏది ఏ యేడు జరిగిందో చెప్పలేను. ఏ పువ్వు కాలంలో జరిగిందో మాత్రం చెప్పగలను.

మా పూలు గుళ్ళకు పోయేవి, దర్గాలకు పోయేవి, ఇంట్లో ఆడవాళ్ళ జడల్లోకి పోయేవి. కానీ ఇంటికి పేరు తెచ్చింది సేహ్రా. నిఖా నాడు పెళ్ళికొడుకు నుదుటి నుంచి మొహం మీదికి వేలాడే పూల తెర అది. సరాలన్నీ ఒక్క బిగువులో ఉండాలి. ఒక్క సరం వదులైతే అక్కడ సందు పడి, ఆ సందులోంచి పెళ్ళికొడుకు ముక్కు కనిపిస్తుంది. అందుకే ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. దారం ఒరుసుకుని ఒరుసుకుని బొటనవేలి మొదట్లో చర్మం గట్టిపడి కాయ కాస్తుంది. ఆ కాయ కాసినవాళ్ళే సేహ్రా ముట్టాలి. కాయ లేని వేలు దారం కోతకు ఓర్వలేక తెలియకుండానే కొంచెం వదులిస్తుందని మా అత్తమ్మ చెప్పేది. ఆమె కాకరకాయ ముదిరిందో లేదో చూసినట్టు మా వేళ్ళను బొటనవేలితో నొక్కి చూసేది. నా కాయ గట్టిపడిందని ఆమె ఒప్పుకున్న రోజు నోట్లో బెల్లం ముక్క పెట్టింది. నాకు ఆ ఇంట్లో అసలైన పెళ్ళి ఆ రోజే జరిగిందనిపించింది.

మా ఆయనకు ఒక్కడే తమ్ముడు. నేను వచ్చేనాటికి చిన్నపిల్లవాడు. పూల గంప ఖాళీ అయితే అందులో ముడుచుకుని పడుకునేవాడు, లేపితే ఒంటి నిండా రేకులతో లేచేవాడు. మామగారు అప్పటికే లేరు. అత్తమ్మకు పొద్దంతా పూలతోనే సరిపోయేది. స్నానం చేయించడం, బడికి తోలడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం నా వంతయింది. నాకు పిల్లలు కలగలేదు. అందుకని కాదు గానీ అతన్ని నేను కొడుకా అనే పిలిచేదాన్ని. అతను నన్ను వదినా అంటూనే కొడుకు చేసే మారాములన్నీ చేసేవాడు.

పదో తరగతి గట్టెక్కి, చదువు చాలని అతనే తేల్చి, గోడవారగా వచ్చి కూర్చున్నాడు. పెద్దగా దారం లాగకముందే అతని వేలి వెనక, పాదం లోపలి అంచున కాయ కనిపించింది. మా అందరి కాయల కన్నా పెద్దది, గుండ్రనిది. అత్తమ్మ నొక్కి చూసి చాలాసేపు పాదం వదల్లేదు. మా చిన్నోడు కడుపులోనే దారం పట్టుకుని పుట్టాడని సందంతా చెప్పుకుని తిరిగింది. బెల్లం ముక్క కాదు, ఏకంగా పాయసం వండించింది. సేహ్రా కోసం వచ్చినవాళ్ళకు పాదం చాపి చూపించమనేది. అతను సిగ్గు లేకుండా చూపించేవాడు.

"నీది జొన్నగింజ వదినా, నాది సూడు, రేగ్గాయ," అని నన్ను ఏడిపించేవాడు.

కొన్ని ఎండాకాలాలు అలా గడిచాయి. అతను కట్టిన సేహ్రాలు నీళ్ళు జారినట్టు ఉండేవి. చార్మినార్ అవతలి నుంచి కూడా మనుషులు వచ్చి ఛోటేతోనే, అంటే మా చిన్నోడితోనే, కట్టించమని అడిగేవాళ్ళు.

తొంభైల మొదట్లో ఒక యేడు ఆషాఢమూ మొహర్రమూ కలిసి వచ్చాయి. ఇటు పెళ్ళిళ్ళు లేవు, అటు నిఖాలు లేవు. బోనాల కోసం బంతిపూల దండలు మాత్రం కావాలి. బంతిపువ్వు సూదితో గుచ్చేది. దానికి వేలితో పని లేదు. ఇంట్లో అందరి కాళ్ళకూ సెలవు. అలాంటి రోజుల్లో మా ఇంట్లో ఒక ముచ్చట జరిగేది. సాయంత్రం పెద్ద తాంబాళంలో గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పోసి చుట్టూ కూర్చుని అందరం పాదాలు ముంచేవాళ్ళం. నానిన కాయలను గోటితో గీరితే పొరలు పొరలుగా వచ్చేవి. ఎవరి కాలు ఎవరిదో తెలియకుండా నీళ్ళలో కలిసిపోయేవి. అత్తమ్మ తన చిన్నప్పటి సంగతులు చెప్పేది. వాన పడుతుండేది. చెమ్మగిల్లిన గోడలు, బంతి ఆకు వాసన, నీళ్ళలో నాలుగు జతల పాదాలు. ఆ సాయంత్రాలు నాకు ఇప్పటికీ కలలో వస్తాయి. కలలో నీళ్ళు చల్లారవు.

ఆ యేడు అందరి కాయలూ రాలిపోయాయి. మా ఆయన వేలు మెత్తబడింది. అత్తమ్మ వేలు కూడా పసిపిల్లదిలా బయటపడింది. మరిది కాయ మాత్రం తగ్గలేదు. అందరూ నవ్వారు. రాలే కాయ కాదని, పండై తీరుతుందని అతనే అన్నాడు. నేను పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని రాయితో రుద్దాను. పైనున్న పలుచని పొర ఊడి వచ్చింది. కింద చర్మం నున్నగా, మెత్తగా ఉంది. కాయ అనుకున్నది ఆ మెత్తటి చర్మానికి పైన లేదు. దాని అడుగున ఉంది. వేలితో నొక్కితే చింతగింజ పక్కకు జరిగినట్టు కొంచెం జరిగి మళ్ళీ తన చోటికి వచ్చింది.

ఎప్పటినుంచి ఇలా కదులుతోందని అడిగాను.

"మొదటి నుంచి గిట్లనే ఉన్నది వదినా. నొయ్యదు. అందరిది గిట్లనే ఉంటదనుకున్న."

నీళ్ళలో ఎవరి పాదమూ కదల్లేదు. అత్తమ్మ వంగి తన బొటనవేలితో మెల్లగా నొక్కి చూసింది. ముదిరిందా లేదా అని చూసే నొక్కు కాదు అది. తర్వాత చీర కొంగుతో ఆ పాదాన్ని తుడిచి లేచి లోపలికి పోయింది.

సందు చివరి డాక్టరు చూసి, ఇది ఆనెకాయ కాదు, నేను కత్తి పెట్టను, పెద్ద దవాఖానకు పొండి అన్నాడు. పెద్ద దవాఖానలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. జవాబు వచ్చేదాకా ఇంట్లో అందరం మామూలుగా ఉండటానికి ప్రయత్నించాం. శ్రావణం వచ్చేసింది. జాజులు వస్తున్నాయి. అత్తమ్మ మాత్రం దారపు ఉండలన్నీ పాత చీరలో మూటగట్టి అటక మీద పెట్టి, సూదితో గుచ్చే పనే ఒప్పుకుంది.

జవాబు చెప్పిన డాక్టరమ్మ నడివయసు మనిషి. తొందరపడకుండా చెప్పింది. ఇది ఎముకలో పుట్టింది కాదు, చర్మంలో పుట్టింది కాదు, మధ్యలో నరాలకూ కండకూ చుట్టూ ఉండే మెత్తటి భాగంలో పుట్టిన క్యాన్సర్ అంది. అరుదైనది, చాలామంది డాక్టర్లు కూడా చూసి ఉండరు, వయసులో ఉన్నవాళ్ళకే ఎక్కువగా వస్తుంది, నొప్పి లేకుండా ఏళ్ళకేళ్ళు కూర్చుంటుంది అంది. అందుకే దీన్ని ఎవరూ మొదట అనుమానించరని కూడా చెప్పింది. మా ఆయన అన్నిటికీ తల ఊపాడు. అత్తమ్మ ఒక్కటే అడిగింది, ఏళ్ళ తరబడి దారం ఒరుసుకున్నందుకు వచ్చిందా అని. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టి, లేదమ్మా, దారానికీ దీనికీ సంబంధం లేదు, పూలు కట్టనివాళ్ళకూ వస్తుంది అంది. ఇంటికి వచ్చేదాకా బస్సులో అత్తమ్మ ఆ మాటనే నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

చెయ్యవలసింది కూడా డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. గడ్డ వేళ్ళ నరాలను చుట్టుకుని ఎముకల సందుల్లోకి పోయింది. అంతవరకే కోసి తీస్తే కొంత మిగిలిపోతుంది. మిగిలింది రక్తంతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడికి పోతే ఆపడం కష్టం. ఎక్స్‌రేలో ఛాతీ ఇప్పటికి శుభ్రంగానే ఉంది. మోకాలి కింద కాలు తీసేస్తే మనిషి మిగిలే అవకాశం ఉంది. మిగులుతాడని రాసి ఇవ్వలేను గానీ, తీయకపోతే మిగలడని మాత్రం చెప్పగలను అంది.

మరిది ఒప్పుకోలేదు.

అరవలేదు, ఏడవలేదు. ఒద్దన్నాడంతే. మా ఆయన బతిమాలాడు, కోపం చేశాడు, చివరికి గోడకు తిరిగి కూర్చున్నాడు. అత్తమ్మ కొడుకుతో ఏమీ అనలేకపోయింది. ఆ పాదాన్ని సందంతా పొగిడిన నోరు ఇప్పుడు దాన్ని తీసెయ్యమని ఎలా అంటుంది. ఇంట్లో లొల్లి ఏమీ లేదు. లొల్లి ఉంటే బాగుండేది. అందరం పూలబుట్టల మధ్య మెల్లగా నడిచేవాళ్ళం, నిద్రపోతున్నవాళ్ళను లేపకూడదన్నట్టు.

ఒక మధ్యాహ్నం అతను బయట అరుగు మీద కూర్చుని ఉంటే పోయి పక్కన కూర్చున్నాను. ఎండకు సందు తెల్లగా ఉంది. ఎదురింట్లో ఎవరో అటుకులు దంచుతున్నారు. అతనే అడిగాడు.

"నువ్వు చెప్పు వదినా. నువ్వేమంటే గదే చేస్త."

ఆ బరువు నా మీద పెట్టొద్దని అనబోయాను. కానీ స్నానం చేయించిన ఒళ్ళు అది. వీపు మీద మచ్చ ఎక్కడుందో నాకు తెలుసు.

"నాకు నువ్వు కావాలె కొడుకా. కాలు సంగతి నాకు తెల్వదు," అన్నాను.

"కాలు లేని మరిదిని ఏం జేసుకుంటవ్?"

"కూసోబెట్టి పూలు కట్టిపిస్త."

"దారం దేనికి చుట్టాలె?"

అతను నవ్వాడు. నన్ను ఓడించినప్పుడు నవ్వే మామూలు నవ్వే. లేచి లోపలికి పోయాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను. అటుకుల రోకలి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగింది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజాము. మా ఆయన అప్పుడే మార్కెట్ నుంచి వచ్చి మూటలు దించి మొహం కడుక్కోవడానికి పోయాడు. నేను మెలకువకు ఇవతల ఎక్కడో ఉన్నాను. కళ్ళు తెరిచానో లేదో తెలియదు. గోడవారన మరిది కూర్చుని ఉన్నాడు. ఏదో తేడాగా ఉంది. అద్దంలో చూస్తున్నట్టు ఉంది. కాసేపటికి అర్థమైంది. అతని కుడికాలు మడిచి ఉంది. చాపుకున్నది ఎడమకాలు. దారం ఎడమ బొటనవేలికి చుట్టి ఉంది.

అటక మీది మూట ఎప్పుడు దించుకున్నాడో తెలియదు. ఆ కాలు ఆ దారానికి ఒప్పుకోవడం లేదు. ఒళ్ళు వంకరగా తిరిగింది. ఎడమ చెయ్యి లాగవలసిన చోట కుడి చెయ్యి లాగాలి. ముడి వేసే వేళ్ళు తారుమారు కావాలి. మల్లెలు దారం మీద నిలబడక ఒడిలోకి రాలుతున్నాయి. రాలిన పువ్వునే తీసి మళ్ళీ పెడుతున్నాడు. దారం మెత్తటి చర్మాన్ని కోస్తున్నట్టుంది, మధ్యమధ్య పళ్ళు బిగబట్టి తనను తానే తిట్టుకుంటున్నాడు. పుట్టినప్పటి నుంచి ఒక చేత్తో తిన్నవాడు మరో చేత్తో తినడం నేర్చుకుంటున్నట్టు ఉంది.

అత్తమ్మ కూడా చాప మీద కళ్ళు తెరిచే ఉంది. చాలాసేపు చూసి, లేచి, చీర సర్దుకుంటూ పోయి కొడుకు పాదం దగ్గర చతికిలబడింది.

"ఆడ గాదు బిడ్డా. ఇంకింత కిందికి," అని, దారాన్ని వేలి మీద కొంచెం కిందికి జరిపి బిగించింది.

ఆమె పువ్వులు జతలు పెట్టి అందిస్తూ కూర్చుంది. అతను కడుతూ కూర్చున్నాడు. వెలుతురు వచ్చేసరికి జానెడు మాల తయారైంది. వదులుగా, వంకరగా ఉంది. మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చి అది చూశాడు. మరిది తలెత్తకుండానే, అన్నా, ఇయ్యాల దవాఖానకు పోదాం అన్నాడు.

ఆపరేషన్ రోజు గురించి నాకు పెద్దగా గుర్తు లేదు. పొడుగాటి వరండా, ఫినాయిల్ వాసన, బెంచీ మీద కూర్చుని ఎవరి కోసమో ఏడుస్తున్న ఒకామె, ఆమెకు నీళ్ళు ఇచ్చిన నేను. సాయంత్రం ఒక ఆయా వచ్చి, తీసిన కాలును ఇంటివాళ్ళు తీసుకుపోతారా, ఇక్కడే చూడమంటారా అని అడిగింది. అలా అడుగుతారని మాకు తెలియదు. మా ఆయన నా వైపు చూశాడు. నేను అత్తమ్మ వైపు చూశాను. మేమే తీసుకుపోతామని ఆమె అంది. బతికున్నవాడి అంగాన్ని కాల్చకూడదు, మట్టిలోనే పెట్టాలి అంది.

తెల్లటి గుడ్డలో చుట్టి ఇచ్చారు. ఆటోలో మా ఆయన దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు, చిన్నప్పుడు తమ్ముడిని కూర్చోబెట్టుకున్నట్టే. ఆడవాళ్ళం శ్మశానానికి పోకూడదని ఎవరో అన్నారు. అత్తమ్మ వినలేదు. ఊరందరి శవాలకూ పూలు కట్టినదాన్ని, నన్నెవరాపుతారు అంది. చిన్న గుంట తవ్వారు. దారిలో ఇంటి దగ్గర ఆగి కట్టి తెచ్చిన మల్లెల మాలను ఆమె కొంగులోంచి తీసి గుడ్డ మీద పరిచింది. ఆ పాదానికి కట్టిన ఆ చిన్న మాలకు దారం ఆమె తన వేలికే చుట్టి లాగింది. అటక మీదికి మూట ఎక్కించిన తర్వాత ఆమె కాలితో పువ్వు కట్టడం అదే మొదలు.

కళ్ళు తెరిచాక మరిది ముందు నీళ్ళు అడిగాడు. తర్వాత, ఎక్కడ పెట్టిండ్రు అని అడిగాడు. చెప్పాను. ఏ పూలు వేసిండ్రు అని అడిగాడు.

"మల్లెలు."

"ఒక్క కాలుకు మల్లెలా," అని కళ్ళు మూసుకుని, "నేను మొత్తం పోతే గులాబీలు ఎయ్యాలె మరి," అన్నాడు. నేను అతని నోరు మూశాను. నా అరచేతి కింద అతని నవ్వు తగిలింది, తర్వాత ఏడుపు తగిలింది.

ఆ తర్వాత మందులు ఎక్కించారు. సెలైన్ సీసాలో ఎర్రటి మందు. అది ఒంట్లోకి పోయిన వారం అతనికి పూల వాసన పడేది కాదు. మల్లె వాసనకు కడుపులో ఉన్నదంతా వచ్చేసేది. పూల మీద బతికే ఇంట్లో పువ్వును గడప దాటనివ్వని రోజులు వచ్చాయి. పక్కింటి ఆపా తన పెరడు మాకు ఇచ్చేసింది. అత్తమ్మా, మా ఆయనా పొద్దున్నే అక్కడికి పోయి కట్టేవాళ్ళు. నేను స్నానం చేసి, చీర మార్చుకుని, చేతులు పసుపుతో రుద్దుకుని గానీ అతని దగ్గరికి పోయేదాన్ని కాదు. అయినా కనిపెట్టేవాడు. ఇయ్యాల కనకాంబరాలు ముట్టుకున్నవ్ అనేవాడు. కనకాంబరానికి వాసనే ఉండదని నేను అంటే, నీకు తెల్వదు వదినా అనేవాడు.

పూలు లేని ఆ ఇల్లు నాకు వేరే ఎవరి ఇల్లో అనిపించేది. సున్నం వాసన, కిరోసిన్ వాసన, ఇన్నాళ్ళూ పూల కింద దాక్కున్న వాసనలన్నీ బయటికి వచ్చాయి. మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. అతనికి జుట్టు పోయింది. కనుబొమలు పోయాయి. గుండ్రటి తలతో గోడకు ఆనుకుని కూర్చుంటే నాకు పూలగంపలో పడుకున్న చిన్నవాడే కనిపించేవాడు. ఊరికే కూర్చుంటే పిచ్చి లేస్తున్నదని ఒకరోజు ఎక్కడినుంచో పలకా బలపం తెప్పించాడు.

అక్షరం ముక్క రాని నాకు చదువు నేర్పుతానన్నాడు. ఈ వయసులో నాకెందుకు అన్నాను. నాకు పొద్దు పోవాలె కదా అన్నాడు. అలా నా చదువు మొదలైంది. నా మంచి కోసం కాదు, అతనికి పొద్దు పోవడం కోసం. చెయ్యి పట్టుకుని దిద్దించేవాడు. బలపం నా వేళ్ళకు లొంగేది కాదు. నీ అక్షరాలన్నీ ఎందుకు పడుకుంటున్నయ్ వదినా, జ్వరమొచ్చిందా అనేవాడు. బడిలో నువ్వు ఎన్నిసార్లు ఫెయిలైనవో నాకు తెలుసు, నా మీద దాష్టీకం చెయ్యకు అనేదాన్ని. సీసా ఎక్కించుకుని వచ్చిన రోజుల్లో పలక ముట్టేవాడు కాదు. నేను పక్కన కూర్చుని నాకు వచ్చిన నాలుగు అక్షరాలనే రాసి చెరిపి రాసేదాన్ని. బలపం గీరే చప్పుడు వింటూ నిద్రపోయేవాడు. ఆ చప్పుడు ఆగితే మేలుకునేవాడు. అందుకని ఆపకుండా రాశాను. నాకు చదువు అలా వచ్చింది.

మందులు అయిపోయాయి. జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. పూలు మెల్లగా ఇంట్లోకి వచ్చాయి, ముందు వాసన లేనివి, తర్వాత చామంతులు, చివరికి మల్లెలు. కట్టెకాలు పెట్టించుకున్నాడు. అది పెట్టుకుని నడిచేవాడు, తీసి పక్కన పెట్టి కట్టేవాడు. ఎడమ వేలికి కాయ కాసింది. అత్తమ్మ దాన్ని నొక్కి చూసిన రోజు నాకు చెప్పనలవి కాని భయం వేసింది. ఆమె పక్కకు జరిపి చూసింది. చర్మం పైనే ఉంది. మెల్లగా ఊపిరి వదిలి, నన్ను కూడా నొక్కి చూడమంది. నేనూ నొక్కాను. మా ఆయన కూడా నొక్కాడు. మరిది, ఇది వేలనుకుంటున్రా, దర్గా గడపనుకుంటున్రా అన్నాడు.

అతని సేహ్రాలు మారిపోయాయి. చేతులు తారుమారు కావడంతో మొగ్గల మొహాలు అటు తిరగవలసినవి ఇటు తిరిగేవి. ముందు కొందరు వద్దన్నారు. తర్వాత తర్వాత అదే గుర్తు పట్టి అడిగేవాళ్ళు వచ్చారు. అతనికి పెళ్ళయింది. ఆ అమ్మాయికి అంతా చెప్పే చేశాం. అత్తమ్మ ఒక వానాకాలం నిద్రలోనే పోయింది. ఆమె మీద పూలన్నీ అతనొక్కడే కట్టాడు.

ఈ అన్నేళ్ళూ ఒకటి మాత్రం ఆగలేదు. ముందు కొన్ని నెలలకోసారి, తర్వాత యేడాదికి రెండుసార్లు, తర్వాత యేడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే. ఈ జబ్బు తొందరగా మరిచిపోయేది కాదని డాక్టరమ్మ మొదటే చెప్పింది. మరిది భార్యను తీసుకుపోయేవాడు కాదు. ఆ దారి నీకూ నాకే తెలుసు వదినా అనేవాడు. పోయేటప్పుడు మాట్లాడేవాడు కాదు. వచ్చేటప్పుడు మాట ఆపేవాడు కాదు. బస్సులో పక్కవాళ్ళతో, కండక్టర్‌తో, కిటికీ బయట మేకలతో కూడా మాట్లాడేవాడు. భయం దిగడానికి అలా మాటలు కావాలని నాకు తెలుసు. నేను చీటీలో ఏముందో చదవగలిగినా అతని మొహం చూసేదాకా చదివేదాన్ని కాదు.

చివరిసారి పోయినప్పుడు డాక్టరమ్మ లేదు, ఎప్పుడో రిటైరయింది. కొత్త డాక్టరు, మరిది కన్నా చిన్నవాడు, ఎక్స్‌రేను వెలుగు డబ్బా మీద పెట్టి, పాతవి కూడా ఒకటొకటిగా పక్కన పెట్టి చూశాడు. రెండు ఊపిరితిత్తులు, వాటి మధ్య తెల్లటి గుండె, అన్ని బొమ్మల్లోనూ ఒకేలా ఉన్నాయి. ఇక రానవసరం లేదని చెప్పాడు.

మరిది లేవలేదు. "అసలే రావద్దా సారూ?" అని అడిగాడు.

దగ్గు గానీ, ఆయాసం గానీ వస్తే రమ్మన్నాడు. ఊరికే రావద్దన్నాడు. బయటికి వచ్చాక వరండాలో ఇద్దరం కాసేపు నిలబడ్డాం. ఎటు పోవాలో తెలియనట్టు. మేము ఎప్పుడూ కూర్చునే బెంచీ మీద ఒక పడుచుపిల్లవాడూ, వాడి తల్లీ కూర్చుని ఉన్నారు. మరిది వాళ్ళ ముందు నుంచి నడుస్తూ ప్యాంటు మోకాలి దగ్గర కొంచెం పైకి లాగి కట్టెకాలు ఆ పిల్లవాడికి కనపడేలా చేసి, సర్దుకుని ముందుకు నడిచాడు.

బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు. మాటలు మొదలవుతాయని చూస్తున్నాను. అఫ్జల్‌గంజ్ దాటేసరికి తల నా భుజం మీద వాలింది. నిద్రపోయాడు. ఇన్నేళ్ళలో ఆ దారిలో అతను నిద్రపోవడం నేను చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. జుట్టులో అక్కడక్కడ తెల్లవెంట్రుకలు. ఛాతీ పైకి వస్తోంది, కిందికి పోతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. బహదూర్‌పురా అని కండక్టర్ అరిచాడు. జనం దిగారు. నాకు భుజం కదపబుద్ధి కాలేదు. మా సందు మొదలూ, జూపార్కు గోడా కిటికీలోంచి వెనక్కి పోయాయి. ఎవరివో ఇళ్ళు, ఎవరివో పిల్లలు, కొత్తగా లేస్తున్న మేడలు. ఎండ మెత్తబడింది. బస్సు ఊగుతూనే ఉంది.

చాంద్రాయణగుట్టలో బస్సు ఖాళీ అయ్యింది. డ్రైవర్ ఇంజన్ ఆపగానే నిశ్శబ్దానికి మేలుకున్నాడు. కళ్ళు నులుముకుని బయటికి చూశాడు. ఫ్లైఓవర్ కోసం రోడ్డంతా తవ్వి పోశారు. దుమ్ములో లారీలు.

"ఇదేంది వదినా, యాడికొచ్చినం?"

మన స్టాపు దాటిపోయిందని చెప్పాను.

"లేపొద్దా?"

"లేపబుద్ధి కాలే."

దిగాం. రోడ్డు దాటి ఒక ఇరానీ హోటల్‌లో కూర్చున్నాం. చాయ్ వచ్చింది. సాసర్‌లో పోసుకుని చిన్నపిల్లవాడిలా ఊదుకుంటూ తాగాడు. ఇంట్లో ఎదురుచూస్తుంటారని, తిరుగు బస్సు ఎక్కాలని నేను లేవబోయాను. చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఇంకో చాయ్ చెప్పు వదినా. ఇప్పుడేం తొందరున్నది," అన్నాడు.

చెప్పాను.